పదో తరగతి పిల్లల్ని చదివిస్తున్నాం, పరీక్షలకు 60 రోజులే ఉంది: ఉన్న డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. కోనసీమలో మీ ఊరి జడ్పీ హైస్కూల్లో 14 మంది పదో తరగతి పిల్లల్ని పాత విద్యార్థులంతా కలిసి చదివిస్తున్నారు, సంక్రాంతికి ఊరొచ్చి చూస్తే వాళ్ళలో ఆరుగురు సమ్మేటివ్ పరీక్షలో లెక్కలు తప్పారు, ఒక అమ్మాయి బడే మానేస్తానంటోంది, చేతిలో 60 వేలు ఉన్నాయి, మీ వాళ్ళలో సగం మంది అమలాపురం ట్యూషన్‌కి పంపుదామంటే మిగతా సగం ట్యాబులు కొనిద్దామంటున్నారు. ఏది మంచిదని అడిగారు.

రెండూ వద్దండి.

నేను 31 ఏళ్ళు ఉభయ గోదావరి జిల్లాల్లో జడ్పీ బళ్ళలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఆ తర్వాత తొమ్మిదేళ్ళుగా మా ఊళ్ళో ఇలాగే దాతల డబ్బుతో చదివే పిల్లల్ని చూసుకుంటున్నాను. ఈ పనిలో తప్పులు కూడా గట్టిగానే చేశాను, అవి కూడా చెప్తాను.

ముందు ట్యూషన్ సంగతి. బడి వదిలి, పదో తరగతి వాళ్ళ స్పెషల్ క్లాసు కూడా అయ్యేసరికి అయిదున్నర. అక్కడ్నుంచి ఆటో పట్టుకుని, బస్సెక్కి, సెంటరుకి చేరేసరికి ఏడు. అరవై మంది మధ్య చివరి బల్ల మీద గంటన్నర కూర్చుని తిరిగి ఇల్లు చేరేసరికి పది. పైగా జనవరిలో ఏ ట్యూషన్లోనైనా రివిజన్ నడుస్తుంటుంది, మీ వాడికేమో వర్గ సమీకరణం దగ్గరే బండి ఆగిపోయి ఉంది, వాడొక్కడి కోసం వాళ్ళు వెనక్కి వస్తారా? రోజుకి మూడు గంటలు రోడ్డు మీద పోసి గంటన్నర పాఠం కొనుక్కోవడం ఇది. ట్యాబుల గురించి నేను చెప్పక్కర్లేదు, మీ ఇళ్ళలోనూ పిల్లలున్నారుగా.

ఈ పిల్లలకు తక్కువైంది పాఠం కాదు. పాఠం బళ్ళో చెప్తూనే ఉన్నారు, వంద రోజుల ప్రణాళికని, స్లిప్ టెస్టులని రోజూ ఏదో ఒకటి జరుగుతూనే ఉంది. వాళ్ళకి లేనిది టైము. బడికీ నిద్రకీ మధ్య ఉండే ఆ నాలుగైదు గంటలు ఎటు పోతున్నాయో ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి చూడండి, అప్పుడు 60 వేలు దేనికి పెట్టాలో మీకే తెలుస్తుంది. మన ప్రాంతంలో అవి పోయే దారులు నాకు తెలిసినంతలో కొన్నే. దాళ్వా (రెండో పంట) ఊడ్పులకి అమ్మ వెళ్తే వంటా, తమ్ముళ్ళూ పెద్ద పిల్ల మీద పడతారు. కొబ్బరి దింపు రోజున మగపిల్లాడు తోటలో కాయలు మోస్తూ ఉంటాడు. నరసాపురం వైపైతే లేసు అల్లికలు, ఇంట్లో ఆడపిల్ల చేతిలో పుస్తకం కంటే సూది ఎక్కువసేపు ఉంటుంది. ఇక రొయ్యల చెరువులు, గల్ఫు. ఈ రెండింటి గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

నాలుగైదేళ్ళ క్రితం మా దగ్గర ఒక కుర్రాడుండేవాడు. తండ్రి లేడు, మేనమామ ఇంట్లో ఉంటూ ఆయన కాపలా కాసే చెరువు మీదే రాత్రిళ్ళు పడుకునేవాడు. చెరువు మీద పడుకోవడం అంటే నిద్రపోవడం కాదు, తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. రాత్రంతా నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతూ ఉండాలి, కరెంటు పోతే వెంటనే లేచి జనరేటర్ వెయ్యాలి, లేకపోతే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్య పైకి తేలిపోతుంది, లక్షల నష్టం. ఇదంతా నాకు అప్పుడు తెలీదు. ప్రీ ఫైనల్లో లెక్కల్లో వాడికి 19 వచ్చాయి. దాతలు అడుగుతున్నారు కదా అని 17 మంది పిల్లల పేర్లూ మార్కులూ ఒక కాగితం మీద రాసి, తప్పిన వాళ్ళ కింద ఎర్ర గీత గీసి, ఫొటో తీసి వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నేనే పెట్టాను, ఎవర్నీ అనక్కర్లేదు. అది చేతులు మారి మారి ఆ మేనమామ ఫోనుకి చేరింది. మర్నాడు నుంచి కుర్రాడు బడికి రాలేదు.

మూడో రోజు రాత్రి నేనే చెరువు గట్టు మీదకి వెళ్ళాను. తాటాకుల పాకలో ఒక బల్బు, చుట్టూ పురుగులు, ఏరియేటర్ల హోరులో మాట కూడా సరిగ్గా వినపడదు. వాడు నన్ను చూడగానే లేచి నిలబడి మొట్టమొదట అడిగింది ఏంటంటే, "మాస్టారూ, ఇప్పటిదాకా ఇచ్చిన డబ్బులు తిరిగి కట్టాలా?" అని. నాకు నోట మాట రాలేదు. తొమ్మిదో తరగతి నుంచి ఇచ్చిన పుస్తకాలు, బట్టలు, సైకిలు అన్నీ కలిపి ఎంతయిందో వాడి దగ్గర లెక్క కూడా ఉంది, లెక్కల్లో 19 వచ్చినవాడి దగ్గర.

దాతలు చదివించే పిల్లల టెన్షన్ మామూలు పిల్లల టెన్షన్ లాంటిది కాదండి. మామూలు పిల్లాడు తప్పితే ఇంట్లో నాలుగు తిట్లు తిని ఊరుకుంటాడు. వీళ్ళు తప్పితే అది అప్పు ఎగ్గొట్టినట్టు అనుకుంటారు. అందుకే మీరు చెయ్యాల్సిన మొదటి పనికి ఒక్క రూపాయి కూడా అక్కర్లేదు. 14 మందినీ, వాళ్ళ పెద్దవాళ్ళనీ కూర్చోబెట్టి, పాసైనా తప్పినా సాయం ఆగదని, ఇచ్చింది ఎవరూ తిరిగి అడగరని, తప్పితే సప్లిమెంటరీ ఫీజు కూడా మీరే కడతారని నోటితో స్పష్టంగా చెప్పండి. సప్లిమెంటరీ అదే వేసవిలో పెడతారు, అందులో పాసైతే ఏడాది వృథా కాదు. ఈ సంగతి సగం ఇళ్ళలో తెలీదు, తప్పితే చదువు అయిపోయినట్టే అనుకుంటారు. ఇలా చెప్తే పిల్లలు బద్ధకిస్తారని మీ వాళ్ళలో ఎవరో ఒకరు కచ్చితంగా అంటారు. మా దాతల్లోనూ అన్నారు. తొమ్మిదేళ్ళలో అలా బద్ధకించిన పిల్లాణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు, భయంతో పారిపోయిన వాళ్ళని మాత్రం ముగ్గుర్ని చూశాను.

ఆ కుర్రాడి విషయంలో చివరికి ఏం చేశామంటే, పరీక్షలు అయ్యేదాకా చెరువు మీద రాత్రి కాపలాకి ఇంకో మనిషిని పెట్టి ఆ కూలి మేము ఇచ్చాం. దాతల్లో ఒకాయనకి కోపం వచ్చింది, చదువుకి ఇచ్చిన డబ్బు రొయ్యల చెరువుకి పెడతారా అని. కానీ ఆ ఏడాది మేము పెట్టిన ఖర్చుల్లో ఇంత సరిగ్గా చదువుకే పోయిన ఖర్చు ఇంకోటి లేదు. వాడు రాత్రి ఇంట్లో పడుకున్నాడు. లెక్కల్లో 41 వచ్చాయి.

ఇక గల్ఫు. కోనసీమలో, పశ్చిమ డెల్టాలో ఇంటికో అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇళ్ళల్లో పని చేస్తూ ఉంటుంది, పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉంటారు. డబ్బు ఇబ్బంది అంతగా కనపడదు కాబట్టి వీళ్ళ కష్టం మన కంట్లో పడదు. ఒక పిల్ల రోజూ ఉదయం పూట తూగుతూ ఉండేది. ఏమ్మా అంటే ఏం లేదండీ అనేది. అమ్మమ్మని అడిగితే అప్పుడు బయటపడింది. తల్లికి అక్కడ వంటిల్లు సర్ది పని తెమిలేసరికి రాత్రి పది. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, అంటే మనకి పన్నెండున్నర. ఈ పిల్ల అమ్మ ఫోను కోసం రోజూ అప్పటిదాకా మేలుకుని, ఒంటిగంటకి పడుకుని, అయిదుకి లేచి స్టడీ అవర్‌కి వచ్చేది. అమ్మతో మాట్లాడొద్దని ఎలా చెప్తాం? నేనే ఆ తల్లికి ఫోన్ చేశాను. ఆవిడ పాపం ఏడ్చింది, నేను కూతురి టైము తింటున్నానని నాకు తెలీలేదు మాస్టారూ అని. తర్వాత ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. అమ్మ రాత్రి పడుకునే ముందు వాయిస్ మెసేజ్ పెడుతుంది, పిల్ల పొద్దున్నే లేవగానే అది విని జవాబు పెడుతుంది, వీడియో కాల్ శుక్రవారం మాత్రమే, ఆ రోజు ఆవిడకి కాస్త తీరిక ఉంటుందట. వారం తిరక్కుండానే ఆ పిల్ల ముఖం తేటపడింది.

ఇప్పుడు డబ్బు. సాయంత్రం అయిదున్నర నుంచి ఏడున్నర దాకా పిల్లలంతా ఒకచోట కూర్చునే ఏర్పాటు చెయ్యండి. హెడ్మాస్టరు గారు ఒప్పుకుంటే బళ్ళోనే, లేదంటే రామాలయం మండపమో చర్చి హాలో, ఎవరు తాళం ఇస్తే అది. ఇద్దరు మనుషుల్ని పెట్టండి, ఊళ్ళో బీఈడీ చదివి ఖాళీగా ఉన్న వాళ్ళు తప్పకుండా ఉంటారు, వాళ్ళలో ఒక్కరైనా ఆడమనిషై ఉండాలి. నెలకి 6 వేల చొప్పున ఇద్దరికీ రెండు నెలలకి 24 వేలు. వాళ్ళు కొత్త పాఠాలు చెప్పక్కర్లేదు, పక్కన కూర్చుని ఎక్కడ ఆగాడో చూస్తే చాలు. రోజూ ఉడకబెట్టిన గుడ్డు, గుప్పెడు శనగలో అటుకులో పెట్టండి, దీనికి 10 వేలు అనుకోండి. మధ్యాహ్న భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు కదా, లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చిన వాళ్ళకి కూడా అన్నం పెట్టిన తల్లి ఆవిడ, ఆవిడ అన్నం పెట్టిన సీమలో సాయంత్రం పూట పిల్లలు ఖాళీ కడుపుతో కూర్చోవడం మనకి బాగుండదు. మధ్యాహ్నం ఒంటిగంటకి తిన్న అన్నం అయిదున్నరకి ఉంటుందా? మంచి లైట్లు, కరెంటు పోతే వెలిగే ఛార్జింగ్ లైట్లు 5 వేలు. పిల్లలందరికీ కంటి పరీక్ష చేయించండి, 14 మందిలో ఇద్దరికో ముగ్గురికో కళ్ళజోడు అవసరమని తేలకపోతే అడగండి. బోర్డు కనపడక వెనకబడినవాణ్ణి మొద్దు అని తిట్టిన పాపం మా టీచర్లందరికీ ఉంది. దానికి 4 వేలు. చెరువు లాంటి కేసు ఒకటి ఉంటుందని 10 వేలు పక్కన పెట్టండి. మిగిలిన 7 వేలు పరీక్ష రోజుల ఆటోలకి. ఆర్టీసీ పల్లెవెలుగు బస్సుల్లో హాల్ టికెట్ చూపిస్తే టికెట్ అడగరు గానీ మన లోపలి ఊళ్ళకి ఆ వేళకి బస్సు ఉండొద్దూ. లంకల నుంచి వచ్చే పిల్లలుంటే వాళ్ళని సాయంత్రం ఆపకండి, చివరి పడవ తప్పితే అంతే సంగతులు, వాళ్ళకి పొద్దున పూట పెట్టండి.

లెక్కలు తప్పిన ఆ ఆరుగురి సంగతికొద్దాం, నాకు బాగా తెలిసింది అదే. వాళ్ళకి అన్ని చాప్టర్లూ చెప్పించాలని చూడకండి. పేపరు 100 మార్కులకి 33 ప్రశ్నలు: ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. పాస్ మార్కు 35. గ్రాఫు దాదాపు ప్రతి ఏడాదీ ఎనిమిది మార్కుల్లో ఉంటుంది, సాంఖ్యక శాస్త్రం నుంచి సగటో మధ్యగతమో బాహుళకమో ఒక పెద్ద లెక్క ఆశించొచ్చు. ఈ రెండూ వస్తే 16. ఒక మార్కువి ఏడు, రెండు మార్కులవి నాలుగు చేస్తే 15. అంటే 31 వచ్చేశాయి, నాలుగు మార్కుల లెక్క ఒక్కటి చాలు. కానీ ఒడ్డు మీదే ఆగకూడదు, గాలి వీస్తే మళ్ళీ నీళ్ళలో పడతాడు, అందుకని సంభావ్యత, నిరూపక రేఖాగణితంలో దూరం సూత్రం, విభజన సూత్రం కూడా కలిపి 50కి గురి పెట్టించండి.

గ్రాఫులో పిల్లలు చేసే తప్పు లెక్కది కాదు. నిరుడు ఒక పిల్లాడి పేపరు దగ్గర కూర్చుని చూశాను. పట్టికలో విలువలు కరెక్టు, బిందువులు కరెక్టు, గీతలు రెండూ సరైన చోటే ఖండించుకున్నాయి. పైన మూల స్కేలు రాయలేదు, గీతల పక్కన ఏది ఏ సమీకరణమో రాయలేదు, చివర్లో సాధన x ఇంత y ఇంత అని రాయలేదు. పనంతా చేసి కూలి అడగడం మర్చిపోయినట్టు. వాడి చేత అదే గ్రాఫు వారం రోజులు రోజుకొకటి గీయించాం, గీయడం మొదలెట్టే ముందే స్కేలు రాయాలనే షరతుతో. ఏడో రోజుకి చెయ్యి దానంతటదే రాసేసింది.

రాసే పద్ధతి గురించి ఇంకొక్క మాట. పరీక్ష ఉదయం 9.30 నుంచి 12.45 దాకా, అందులో మొదటి 15 నిమిషాలు ప్రశ్నలు చదువుకోవడానికి. మన పిల్లలకి మూడు గంటలు బల్ల మీద కూర్చుని రాయడం అలవాటు లేదు, ఇంట్లో చాప మీద బోర్లా పడుకుని రాస్తారు. ఫిబ్రవరిలో ప్రతి ఆదివారం అదే టైముకి బల్లల మీద కూర్చోబెట్టి పూర్తి పేపరు రాయించండి, మధ్యలో లేవనివ్వకండి. సైన్సు రెండు పేపర్లు, భౌతిక రసాయన శాస్త్రం 50, జీవశాస్త్రం 50, వేరే వేరే రోజుల్లో, అవి రెండు గంటలే కాబట్టి టైము తేడా కూడా వాళ్ళకి తెలియాలి. హిందీ గురించి కంగారు పడకండి, అందులో 20 వస్తే పాసే, సోషల్‌కీ లెక్కలకీ పెట్టాల్సిన టైము తీసుకెళ్ళి దానికి పొయ్యకండి.

మీడియం సంగతి మాత్రం తప్పకుండా కనుక్కోండి. పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి. 2025 మార్చి పరీక్షలకి తెలుగులో రాయడానికి కూడా అవకాశం ఇచ్చారు. మీ పిల్లలు ఒక్కొక్కరు ఏ మీడియంలో రాస్తారని నామినల్ రోల్‌లో, అంటే పరీక్ష రాసేవాళ్ళ జాబితాలో, నమోదైందో హెడ్మాస్టరు గారిని అడిగి, సాయంత్రం కూర్చునే ఇద్దరికీ ఆ లిస్టు ఇవ్వండి. ఇంగ్లీషులో రాయాల్సిన పిల్లకి తెలుగులో జవాబులు బట్టీ పట్టిస్తూ నెల గడిపిన ఘనులున్నారు. అర్థం చేసుకోవడానికి తెలుగు పేజీ, రాయడానికి ఇంగ్లీషు పేజీ, అలా రెండూ వాడుకోమనండి. పేరులో అక్షరాలు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో కూడా అప్పుడే చూసేయండి.

దాతలకి చెప్పాల్సినవి మీరే చెప్పాలి, పిల్లలు చెప్పలేరు. ఫిబ్రవరిలో సభలు, శాలువాలు, ఫ్లెక్సీలు వద్దు. ఒకసారి మా పిల్లల్ని స్టేజీ ముందు మూడు గంటలు కూర్చోబెట్టారు, ముఖ్య అతిథి గారు రావడం ఆలస్యమైందని, అది ప్రీ ఫైనల్‌కి ముందు రోజు. కృతజ్ఞతల ఉత్తరాలు కూడా వద్దు, వేసవిలో రాస్తారు. ఒక్కో దాతకీ ఒక్కో ఉత్తరం అంటే పిల్లకి ఒక సాయంత్రం పోయినట్టే, అది కూడా పాపం చిత్తు రాసుకుని మళ్ళీ సాపు రాస్తారు. మార్కులు అడిగితే మొత్తం మీద ఎంతమంది మెరుగయ్యారో చెప్పండి, పేర్లు చెప్పకండి. బాగా చదివే ఇద్దరు ముగ్గురుంటే వాళ్ళకి నూజివీడు ట్రిపుల్ ఐటీ గురించి, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ గురించి ఇప్పుడే ఒక ముక్క చెవిన వెయ్యండి. ట్రిపుల్ ఐటీ సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు, జడ్పీ పిల్లలకి కొంత వెయిటేజీ కూడా ఉంది. అలాంటి పిల్లకి 540కీ 560కీ ఉన్న తేడా జీవితంలో తేడా, కాబట్టి తప్పేవాళ్ళ మీద పడి వాళ్ళని వదిలెయ్యకండి.

ఇక బడి మానేస్తానన్న అమ్మాయి. ఎందుకు మానేస్తానంటోందో మీరు రాయలేదు, బహుశా మీకూ తెలిసి ఉండదు. చదువు రాక మానేసే ఆడపిల్లలు తక్కువండి. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేకో, మాఘమాసంలో సంబంధం చూస్తున్నారనో, దారిలో ఎవడో వెంటపడుతున్నాడనో, స్కూల్లో బాత్రూము తలుపుకి గెడ లేదనో, ఇలాంటివే ఉంటాయి. పెళ్ళి మాటే అయితే అంగన్‌వాడీ టీచరుకి, హెడ్మాస్టరుకి చెప్పండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి, మొహమాటపడకండి. మిగతావైతే పిల్ల మీకు చెప్పదు, మీరు మగవాళ్ళు, పైగా డబ్బిచ్చేవాళ్ళు. మీ బ్యాచ్‌లో చదివిన ఆడపిల్లలు ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో కాపురం ఉండే ఉంటారు, వాళ్ళలో ఒకావిణ్ణి ఈ ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంటికి పంపండి. ముందు ఇంట్లో పెద్దావిడతో మాట్లాడమనండి. మీరు వెళ్ళకండి, ఫొటోలు తీసేవాళ్ళని అసలే పంపకండి.